చేనుకు కట్టిన సినిమాలు

పెద్ద చెరువు అలుగు దుంకి, శేరిగూడ రోడ్డు రెండు రోజులు నీళ్లలో ఉన్న ఏడు జరిగింది ఇది. ఆ ఏడు చెరువు కింద వరి వేసిన వాళ్లందరికీ వరి పోయింది. నారయ్యకూ పోయింది. మిగిలింది మెరక మీది ఎకరం మెట్ట చెల్క. అందులో తెల్ల జొన్న నిలబడి ఉంది.

ఆ చెల్కకు మూడు వైపులా ప్లాట్లు పడ్డాయి. తెల్ల రాళ్లు పాతారు. నాలుగో వైపు ఆదిభట్ల కంపెనీ బస్సులు పోయే దారి. ఆ దారి వెంటే ప్రార్థన మందిరం. నారయ్య ఆ సంఘంలో పెద్ద. వయసు అరవై తొమ్మిది. కుడి భుజం పైకి లేవదు.

కొడుకు నగేష్ కొంగరకలాన్ దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. చేను వెంచర్ వాళ్లకు ఇచ్చేసి, తన మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చి ఉండమంటాడు. నారయ్య భార్య ప్రేమమ్మది కూడా అదే మాట.

“బాపు, ఇంకెన్నేండ్లు పిట్టలను కొట్టుకుంట కూసుంటవ్?” అన్నాడు నగేష్.

“భుజమే లేస్తలేదు, పంట లేపుతడట,” అంది ప్రేమమ్మ.

నారయ్య రోజుకు పది మాటలు దాటని మనిషి. ఆ రోజు వాటిని ఒకేసారి ఖర్చు చేశాడు.

“జొన్నలు ఇంటికొస్తే అమ్మేది లేదు. రాకపోతే వచ్చే నెలాఖరుకు సంతకం పెడ్త.”

వాన తెరిపిచ్చిన వారానికి జొన్న పాలు పట్టింది. రామచిలుకలకు ఎవరు చెప్పారో, గుంపులుగా దిగాయి. రాయి విసిరే వడిసెల తిప్పడానికి భుజం లేదు. డబ్బా కొడితే అవి రెండు సాళ్లు జరిగి మళ్లీ తిన్నాయి. మెరిసేది ఏదైనా కడితే పిట్ట బెదురుతుందని నారయ్యకు తెలుసు. పక్క గదిలో అద్దెకు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, వానకు గది కురుస్తున్నదని ఖాళీ చేసి పోతూ ఒక అట్టపెట్టె వదిలేశాడు. “ఇటలీయి, ఫ్రాన్సుయి సినిమాలు తాతా. ఇప్పుడు ఎవ్వలు చూస్తలేరు, పారేయి,” అన్నాడు. పెట్టెలో నలభై ఒక్క సీడీలు ఉన్నాయి.

అందుకని ఆ పొద్దున నారయ్య పెట్టుకున్న పని చిన్నదే. కట్టెలు పాతాలి, సుతిలి తాడు కట్టాలి, సీడీలు వేలాడదీయాలి. చాయ్ వేళకు మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాడు. సీడీలకు ఒక పక్క మెరుపు, ఇంకో పక్క బొమ్మ. బొమ్మల్లో ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల ఒంటి మీద బట్ట తక్కువ. వెనక మెట్లు, తలుపు సందు, నల్ల తొడుగులు వేసుకున్న చేతులు. సబ్బు పాకెట్ మీది బొమ్మ కూడా ఇంతే కదా అనుకున్నాడు నారయ్య. ఎండలో నలభై ఒక్కటీ తళతళ తిరిగాయి. చిలుకలు లేచి పోయాయి. మూడు రోజులు రాలేదు.

నాలుగో రోజు ఆదివారం. ప్రార్థన అయి ఆడవాళ్లు దారి వెంట వస్తున్నారు. ముందు ప్రేమమ్మ నడుస్తున్నది. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. గాలి గట్టిగా వీచింది. సీడీలన్నీ ఒక్కసారిగా బొమ్మ వైపు తిరిగి దారి దిక్కు చూశాయి.

“ప్రేమమ్మక్కా, మీ చేన్ల ఎవ్వలో ఆడోళ్లు తానం చేస్తున్నరు,” అంది వెనక ఉన్న పోశమ్మ.

ప్రేమమ్మ దగ్గరికి పోయి ఒక సీడీ చూసింది. ఇంకొకటి చూసింది. తల మీది కొంగు నుదుటి దాకా లాక్కొని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. ఆ సంగతి నారయ్యకు బుధవారం తెలిసింది.

గురువారం పాస్టరు కబురు పెట్టాడు. అందరూ ఆయనను అయ్యగారు అంటారు. మందిరంలో ఆయన పక్కన హన్మంత్ కూర్చుని ఉన్నాడు. హన్మంత్ రిటైరైన లైన్‌మన్, సంఘంలో రెండో పెద్ద.

“నారయ్యా, మందిరానికి ఎదురుంగ గిసొంటి బొమ్మలు కట్టినవేంది?”

“పిట్టలకు.”

“పిట్టలకు సిగ్గుంటదా? చూసేది మనుషులు కదా! గవి ఎసొంటి సినిమాలో తెలుసా?”

“చూడలే.”

“మేం కూడ చూడలే,” అన్నాడు అయ్యగారు. కాసేపు ఆలోచించాడు. నిదానస్తుడు, న్యాయం తప్పని మనిషి. “చూడకుండ తీర్పు చెప్పుడు తప్పు. ముగ్గురితోటి కమిటీ వేద్దాం. నేను, హన్మంతు, ఆడోళ్ల దిక్కు నుంచి ప్రేమమ్మ. ఒక్క సీడీ చూస్తం. గలీజు ఉంటే నువ్వు పెద్దరికం ఇడువాలె. లేకుంటే లేదు.”

సీడీలు ఆడే పాత మిషను హన్మంత్ ఇంట్లో ఉంది. మరునాడు మూడు గంటలకు కమిటీ కూర్చుంది. తలుపు దగ్గరికి వేశారు. నేరం పడ్డ మనిషి దగ్గర్లోనే ఉండాలి, కానీ చూడకూడదు. అందుకని నారయ్యను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. చూడరానిది వస్తే టీవీకి అడ్డం పట్టమని హన్మంత్ చేతికి తువ్వాల ఇచ్చారు.

లోపల పరాయి భాషలో ఎవరో మాట్లాడుకున్నారు. వాన చప్పుడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

“తువ్వాల ఎత్తు హన్మంతూ!” అయ్యగారి గొంతు.

“ఎత్తిన.”

ఒక ఆడమనిషి నెమ్మదిగా ఏదో అన్నది. ఫిడేలు మోగింది. తర్వాత పెద్ద కేక.

“ఏమైంది? ఎవ్వలు సచ్చిండ్రు?” అంది ప్రేమమ్మ.

“నాకేం ఎరుక వదినా? నేను గోడ దిక్కు చూసుకుంట తువ్వాల పట్టుకున్న.”

“ఎన్కకు తిప్పు.”

“తిప్పితే మళ్ల గదే వస్తది.”

“వస్తే రానీ. ఆడ మనిషి పానం పోయింది. మనం సిగ్గువడుకుంట కూసుందుమా?”

అయ్యగారు దగ్గాడు. “సగం దించు హన్మంతూ. మొకాలు కనవడితే సాలు.”

సగం దించితే మొహాలు కనిపించాయి గానీ కత్తి కనిపించలేదు. మూడోసారి తిప్పినప్పుడు తువ్వాల పూర్తిగా దిగింది. హన్మంత్ దాన్ని భుజాన వేసుకుని కూర్చున్నాడు.

“ఈ సినిమా తీసినోడు మస్తు హుషారు,” అన్నాడు. “మనం యాడ తల దించుకుంటమో, గాడ్నే కత్తి వెడుతున్నడు.”

చివరి పావుగంట ఆడలేదు. గాలికి కంకులకు రాసుకుని సీడీ మీద గీతలు పడ్డాయి. చంపింది ఎవరో తెలియకుండా బొమ్మ నిలిచిపోయింది. ముగ్గురూ బయటికి వచ్చారు. వాళ్ల మొహాలు చావింటి నుంచి వచ్చినట్టు ఉన్నాయి.

“కథ ఒడువకుండ తీర్పు ఎట్ల చెప్తం?” అన్నాడు అయ్యగారు. “ఇంకోటి చూడాలె.”

మరునాడు రెండు విప్పుకుపోయారు. ఆ మరునాడు నాలుగు. కమిటీ తూర్పు కొస నుంచి విప్పుకుంటూ వచ్చింది. చిలుకలు కూడా తూర్పు నుంచే వచ్చాయి.

“పిట్టలొస్తున్నయ్ అయ్యగారు,” అన్నాడు నారయ్య.

“గవి సాక్ష్యాలు నారయ్యా. విచారణ నడువంగ సాక్ష్యాలను గాలికి ఏలాడదీస్తరా?”

వారం తిరిగేసరికి చేనులో ఒక్క సీడీ లేదు. సుతిలి మాత్రం ఊగుతున్నది. నారయ్య ఎడమ చేత్తో డబ్బా కొట్టాడు. గట్టు మీద పాత చీరలు కట్టాడు. చిలుకలు చీరల మీద వాలి, ముక్కులు రుద్దుకుని, మళ్లీ కంకుల్లోకి దిగాయి. కంపెనీ బస్సులోంచి ఎవరో అద్దం దించి వాటిని ఫోటో తీసుకున్నారు. మూడు గంటలు కాగానే నారయ్య డబ్బా పక్కన పెట్టి అరుగు మీదికి పోవాల్సి వచ్చేది. ముద్దాయి లేకుండా విచారణ చెల్లదని అయ్యగారు అన్నాడు. అప్పటి నుంచి చీకటి పడేదాకా చిలుకలకు అడ్డం లేదు.

కమిటీ పద్ధతులు మారాయి. మాట అర్థం కాదు కాబట్టి చేతులు చూడాలని ప్రేమమ్మ చెప్పింది. ఆమె బడి మొహం చూడలేదు, అయినా పదిహేనో సీడీ నుంచి చంపేది ఎవరో సగంలోనే చెప్పసాగింది. అయ్యగారు ఒక నోటు పుస్తకం పెట్టి అనుమానితుల గుర్తులు రాసుకున్నాడు. మిషను ఒకసారి చెడిపోతే, బాగు చేయించేదాకా రెండు రోజులు ముగ్గురికీ అన్నం సహించలేదు.

ప్రేమమ్మ ఇంట్లో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. కానీ చేను గురించి కాదు.

“తోటమాలి కాదు,” అంది ఒక మాపు, రొట్టె చేస్తూ. “వాని చేతులు మెత్తగున్నయి. మంచిగ మాట్లాడెటోడే చంపుతడు. గా ఇండ్లల్ల అందరు మంచిగనే మాట్లాడుకుంటరు. పెయ్యి మీద చెయ్యేసి పేమతోనే పిలుస్తరు. మనకు ఆడ్నే భయం పుడ్తది.”

నారయ్య రొట్టె తిన్నాడు.

“మాట్లాడనోడు ఎన్నడు చంపలే. ఒక్క దాంట్ల తప్ప.”

“ఏ దాంట్ల?”

“గది ఆఖర్ల గీతలు వడ్డయి. తెల్వలే.” ఆమె కొంచెంసేపు అతణ్నే చూసింది.

విచారణ మొదలైన ఇరవై రెండో రోజున మందిరంలో తీర్పు చెప్పారు. “కమిటీ ముప్పై ఆరు సీడీలను పరిశీలించింది, తక్కిన ఐదు ఆడలే,” అన్నాడు అయ్యగారు. “బొమ్మలు తప్పే. కాదనం. కాని గా సినిమాలల్ల పాపం చేసినోడు ఎవ్వడు మిగులలే. ఒక్కొక్కడు మెట్ల మీదికెల్లి పడ్డడు, నీళ్లల్ల మునిగిండు, కారుల కాలిండు. అంటే నీతి ఉన్నది. నారయ్య తప్పు ఏం లేదు. పెద్దరికం ఆయనకే ఉంటది.” అందరూ చప్పట్లు కొట్టారు. సీడీలను అట్టపెట్టెలో పెట్టి గౌరవంగా తిరిగి ఇచ్చారు. నలభై ఒక్కటి లెక్కకు ఆరు తగ్గాయి. ఎవరూ అడగలేదు.

నారయ్య పెట్టె పట్టుకుని చేనుకు పోయాడు. ఒక కంకి తుంచి అరచేతిలో నలిపాడు. పొట్టు రాలింది. ఇంకొకటి నలిపాడు. పొట్టే. చేనంతా తిరిగి దోసెడు గింజలు చూశాడు. ఇంటికి వచ్చి నగేష్‌కు ఫోన్ చేశాడు.

“కాయిదాలు తే,” అన్నాడు.

నెలాఖరు రోజు సాయంత్రం ఎండ ఉండగానే నగేష్ వచ్చాడు. వెంట భార్య మనోజ, వెంచర్ మనిషి సుశాంత్. నారయ్య కోరితే సాక్షి సంతకానికి అయ్యగారు కూడా వచ్చాడు. సుశాంత్ బండి మీద వచ్చాడు. హెల్మెట్ తీశాడు, చేతుల నల్ల తొడుగులు తీయలేదు. నవ్వుతూ నారయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏం ఫికర్ చెయ్యకు తాతా. నిన్ను మేం కడుపుల వెట్టుకొని చూసుకుంటం.”

వంటింటి గడపలో ప్రేమమ్మ నిలబడిపోయింది. నెల కింద ఈ అమ్మకానికి అందరికంటే ముందు ఊ అన్నది ఆమె.

“నగేషూ, సంతకమైనంక మీ నాయిన యాడుంటడు?”

“మా తాన్నే అమ్మా. చెప్పిన కదా.”

“మూడో అంతస్తా? మెట్లు ఉంటయా?”

“లిఫ్టు సుత ఉన్నదత్తమ్మా,” అంది మనోజ. మామకు తెచ్చిన పాల గ్లాసు ముందు పెట్టింది. “పాలు తాగుండ్రి మామా, పొద్దుటి సంది ఏం తినలేదట.”

ప్రేమమ్మ వచ్చి ఆ గ్లాసు ఎత్తి వాకిట్లో పారబోసింది. మనోజకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అమ్మా! ఏమైంది నీకు?”

“నాకేం కాలే. మీ నాయినకు కావొద్దని. గీ పిలగాడు నల్ల తొడుగులు ఎందుకు తీస్తలేడు?”

“బండి నడిపితే చేతులు కమిలిపోతయవ్వా,” అన్నాడు సుశాంత్, భయంగా.

“అవ్, గట్లనే చెప్తరు.” ఆమె కాగితాలు లాక్కుని చంకలో పెట్టుకుంది. “నేను ముప్పై ఆరు చూసిన నగేషూ. వాటిల్ల ముసలోళ్లు సంతకం వెట్టినయి పదకొండు. సంతకం వెట్టినోడు తెల్లారేదాక బతికినట్టు ఒక్కటి సూపెట్టు. నువ్వు మంచోనివే. అందరు మంచోళ్లే ఉంటరు. సంతకం అయ్యేదాక.”

“అవి సినిమాలమ్మా! అయ్యగారూ, మీరైన చెప్పుండ్రి.”

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన నుదురు రుద్దుకున్నాడు. నిదానస్తుడు, న్యాయం తప్పని మనిషి. జేబులోంచి నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

“పదకొండు కాదు, పన్నెండు,” అన్నాడు. “కాని ఆమె చెప్పింది నిజం. ఒక్కడు బతకలే.” కలం మూసి, సాక్షి సంతకం తాను పెట్టనన్నాడు.

సుశాంత్ బండి తీసుకుని వెళ్లిపోయాడు. నగేష్ గడప మీద చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తల్లి తనను ఎందుకలా చూస్తున్నదో అతనికి అర్థం కాలేదు. పోతూ, “బాపు, నేను గసొంటోన్నా?” అని అడిగాడు. నారయ్య కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇంట్లో చల్లబడిన కూర ఆ పూట ఎవరూ ముట్టలేదు.

వాళ్లు వెళ్లాక ప్రేమమ్మ దీపం పెట్టి ఎదురుగా కూర్చుంది. “పెండ్లయి నలభై ఆరేండ్లాయె. నిజం చెప్పు. నా మీద ఏమన్న పగ ఉన్నదా?”

“లేదు.”

“ఎంటనే చెప్పలేదు,” అంది ఆమె. తన మంచం గోడ వారకు జరుపుకుంది.

మరునాడు పొద్దున నారయ్య చేనుకు పోయాడు. జొన్న చొప్ప ఇంకా నిలబడే ఉంది. ఎడమ చేత్తో సాళ్ల మధ్య గుంటలు తవ్వి, రెండేసి ఆముదం గింజలు వేసుకుంటూ పోయాడు. ఆముదాన్ని చిలుకలు తినవు, కమిటీలు చూడవు.