హల్లాసెల్కా విమానాశ్రయం: చరిత్ర, సదుపాయాలు

మార్చి నెల రెండో మంగళవారం పొద్దున ఓయ్వా రాస్కిలా వేసుకున్న పథకం చాలా చిన్నది. మెట్ల మీద మంచు గీకి ఇసుక చల్లడం, టెర్మినల్ తలుపులు తెరవడం, తొమ్మిది నలభైకి రాజధాని హెల్సింకి నుంచి వచ్చే విమానంలో దిగబోయే ముగ్గురు సభ్యుల కమిటీకి కాఫీ ఇచ్చి విమానాశ్రయం చూపించడం. అంతే. హల్లాసెల్కాకి రోజుకి వచ్చేది ఆ ఒక్క విమానమే. అది ఇకమీదట రావాలో వద్దో తేల్చేది ఆ ముగ్గురే. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడ టికెట్లు చూసేదీ, పెట్టెలు తూచేదీ, మైకులో పిలిచేదీ ఓయ్వాయే కాబట్టి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అసలు తప్పు మూడు వారాల ముందే జరిగిపోయింది. మునిసిపల్ ఆఫీసులో పనిచేసే మర్కెత్తా ఫోన్ చేసి, ఊరి వెబ్‌సైటులో విమానాశ్రయం గురించి ఒక్క ముక్క కూడా లేదనీ, కమిటీవాళ్లు వచ్చేముందు చదువుతారనీ, సగం చరిత్ర, సగం సదుపాయాలు చొప్పున ఒక పేజీ రాసి పంపమనీ అడిగింది. చరిత్ర రాయడం ఓయ్వాకి కష్టం కాలేదు. ఊరివాళ్లు గొడ్డళ్లూ గుర్రాలూ తెచ్చుకుని రెండు వేసవులు అడవి కొట్టి రన్‌వే చదును చేయడం, ఆడవాళ్లు పెద్ద పెద్ద గిన్నెల్లో సూపు మోసుకురావడం, మొదటి ప్రయాణికుల విమానం ఎక్కిన ఊరిపెద్ద దిగాక గంటసేపు ఎవరితోనూ మాట్లాడకపోవడం, అన్నీ తాత నోట విన్నవే. అర పేజీ అనుకున్నది పేజీన్నర అయింది. సదుపాయాల దగ్గరికొచ్చేసరికి నాలుగు లైన్లు తేలాయి. నాలుగు బల్లల కేఫ్, ఫోన్ చేస్తే వచ్చే టాక్సీ, చలికి కారు ఇంజను బిగుసుకుపోకుండా కరెంటు తగిలించే స్తంభాలు, మరుగుదొడ్డి.

ఆ నాలుగు లైన్లూ చూస్తుంటే తన ఇరవై తొమ్మిదేళ్లూ ఇంతేనా అనిపించి ఓయ్వాకి మనసు చివుక్కుమంది. వాటి కింద ‘మ్యూజియం’ అని రాశాడు. హాల్లో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో పాత పైలట్ టోపీ, గాలివాటం చూపించే చిరిగిన గుడ్డసంచి, మొదటి విమానం ప్రొపెల్లరు ముక్క అని అందరూ చెప్పుకునే ఒక చెక్క ఉన్నాయి. తర్వాత ‘సౌనా’ అని రాశాడు. ఫైర్ బండి గరాజు వెనకాల సిబ్బంది వాడుకునే ఆవిరిగది ఉన్నమాట నిజమే. ఆ తర్వాత ‘సంప్రదాయ భోజనం’. కేఫ్ నడిపే సైమీ ప్రతి గురువారం బఠాణీ సూపు కాస్తుంది. రాసినవాటిలో లేనిదంటూ ఏదీ లేదు. కాకపోతే అవి అడిగినవాళ్లకి ఇచ్చేవి కావు, అంతే తేడా.

పేజీ వెబ్‌సైటులో పెట్టిన పది రోజులకి జర్మనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఓయ్వా ఇంగ్లీషు విమానాల టైములు చెప్పడానికి సరిపోతుంది, అంతకు మించి రాదు. బస్సు, ఫోటోలు అనే మాటలు కనబడ్డాయి. కంచె బయట నిలబడి రన్‌వే ఫోటో తీసుకోవడానికి అనుమతి అడుగుతున్నారు కాబోలనుకుని, అన్నీ సిద్ధం, రండి అని జవాబిచ్చాడు.

మంగళవారం ఎనిమిదింటికల్లా ఇర్యా టీచరు వచ్చి తన మామూలు కుర్చీలో కూర్చుంది. ఆవిడకి ఎనభై మూడేళ్లు. ఓయ్వాకి మూడో తరగతిలో వ్యాసాలు దిద్దిన మనిషి. రెండు వారాలకోసారి హెల్సింకి ఆసుపత్రికెళ్లి కంట్లో ఇంజెక్షన్ చేయించుకోకపోతే మిగిలిన ఆ కాస్త చూపూ ఉండదు. ఓయ్వా ఆవిడ చేతిసంచి పక్కన పెడుతుండగా బయట బస్సు ఆగింది. అందులోంచి ఇరవైముగ్గురు ముసలి జర్మన్లు దిగారు. పాత విమానాశ్రయాలు చూసి తిరిగే ఒక సంఘంవాళ్లట. వాళ్ల పెద్ద దామన్ అనే పొడుగాటి మనిషి, ఓయ్వా రాసిన పేజీ అనువాదం చేతిలో పట్టుకొచ్చాడు. మ్యూజియం, సౌనా, భోజనం, ఒక్కోదాని పక్కనా పెన్సిలుతో గీత ఉంది.

ఓయ్వా ఆ గీతలు లెక్కపెట్టాడు. అప్పుడైనా ఉన్నమాట చెప్పి ఉండొచ్చు. తర్వాత చాలాసార్లు ఆ క్షణమే గుర్తు చేసుకున్నాడు. కానీ ఇంకో గంటన్నరలో కమిటీ దిగుతుంది. దిగేసరికి హాలు నిండా జనం ఉంటే తప్పేముంది అనిపించింది. దామన్ చేయి పట్టుకుని ఊపి, బీరువా వైపు నడిపించాడు.

బీరువా మీటరు వెడల్పు. ఇరవైముగ్గురూ వరసలో నిలబడి చూశారు. ఒక రిటైరైన ఇంజనీరు భూతద్దం తీసి ప్రొపెల్లరు ముక్కని చాలాసేపు పరిశీలించి, ఇది పడవ తెడ్డు అని మర్యాదగా చెప్పాడు. అందరూ పుస్తకాల్లో రాసుకున్నారు.

సైమీ కౌంటరు వెనకనించి ఓయ్వాని సైగతో పిలిచింది. “నా దగ్గరున్నవి ఏడు దాల్చినచెక్క బన్నులు. ఏం చెయ్యమంటావు? ఒక్కోటి మూడు ముక్కలు కొయ్యనా?”

“గురువారం సూపు ఉంటుందిగా, సైమీ.”

“ఇవాళ మంగళవారం.”

“జర్మన్లకేం తెలుస్తుంది?”

“నాకు తెలుసుగా,” అంది సైమీ. అన్నా, ఫ్రీజరు తెరిచింది. జన్మలో మొదటిసారి మంగళవారం పూట బఠాణీ సూపు పొయ్యి మీద పెట్టింది.

ఇక సౌనా. ఫైరు సిబ్బంది ఇద్దరే, పెద్దతను కౌకో. తెల్లారగట్లే రన్‌వే మీద మంచు తోసి వచ్చి, చలి వదిలించుకుందామని తమ కోసమే ఆవిరిగది వేడి చేసుకున్నారు. ఓయ్వా వెళ్లి సంగతంతా చెప్పాడు. విమానం దిగే వేళకి తామిద్దరూ బండి పక్కన ఉండాలనీ, లేకపోతే విమానం దిగడానికే వీల్లేదనీ కౌకో గుర్తు చేశాడు. చివరికి, తొమ్మిదింపావుకల్లా అందరూ బట్టలు వేసుకుని బయట ఉండాలన్న షరతు మీద పదిమందిని రానిచ్చాడు.

తొమ్మిదింపావు దాటినా వాళ్లు కదల్లేదు. వేడి రాళ్ల మీద ఒక గరిటె నీళ్లు పోస్తే ఇంత ఆవిరి వస్తే, బకెట్టు మొత్తం పోస్తే ఎంతొస్తుందో తెలుసుకోవాలని ఆ ఇంజనీరుకి బుద్ధి పుట్టింది. పోశాడు. ఆవిరి తలుపు తోసుకుని గరాజులోకి వచ్చి పైకప్పు దాకా కమ్మేసింది. అలారం మోగింది. అలారం మోగితే గరాజు పెద్ద తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. పదిమంది పెద్దమనుషులు నడుముకి తువ్వాళ్లు చుట్టుకుని, విమానాలు ఆగే చోటి దాకా నడిచి వెళ్లి మంచులో నిలబడ్డారు. ఫైర్ బండికి సరిగ్గా ఎదురుగా.

సరిగ్గా అప్పుడే మబ్బుల కింద విమానం కనబడింది. విమానాలంటే ప్రాణం పెట్టే మనుషులు కదా, పదిమందీ తలలెత్తి చేతులూపారు. టవర్‌లో ఉన్నతను దూరదర్శినిలోంచి ఒకసారి చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసి, దిగొద్దని పైలట్‌కి చెప్పాడు. కౌకో వాళ్లని లోపలికి తోలి, మంటలేమీ లేవని మూలమూలా వెతికి చూసి, కాగితం మీద సంతకం పెట్టేదాకా బండి సిద్ధంగా ఉన్నట్టు కాదు. ఆ లోపల విమానం రెండు చుట్లు తిరిగింది. రెండుసార్లూ కింద మెల్లగా లోపలికి దారి వెతుక్కుంటున్న తువ్వాళ్లవాళ్ల మీదుగానే వెళ్లింది. కౌకో సంతకం పూర్తయ్యేసరికి మబ్బు కిందికి దిగిపోయి, విమానం కమిటీతో సహా హెల్సింకి దారి పట్టింది. ఆ కమిటీ హల్లాసెల్కాని చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఓయ్వా మైకు ముందు నిలబడ్డాడు. తిరుగు ప్రయాణానికి ఉన్నది అయిదుగురు. విమానం రద్దయినప్పుడు ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పాడు. ఇర్యా టీచరు అతని వైపు చూసింది.

“ఇవాళ రాదట్రా?”

“రాదు టీచర్.”

ఆవిడ తలూపి కోటు బొత్తాలు తడుముకుంటూ ఒక్కొక్కటే పెట్టుకుంది. ఒక బొత్తాం తప్పు కాజాలో పడింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఓయ్వాకి ఆ రాత్రి నిద్ర పట్టేది.

మర్నాడు మర్కెత్తా ఫోన్ చేసి, అలారంలో లోపం అని రాసి ఊరుకుందాం, ఎవరూ అడగరు అంది. ఓయ్వా ఒప్పుకోలేదు. కమిటీకి చేత్తో రెండు పేజీల ఉత్తరం రాశాడు. బీరువా ఎంత వెడల్పో, సౌనా ఎవరిదో, సూపు ఏ వారం కాస్తారో అన్నీ రాసి, తప్పు పూర్తిగా తనదనీ, తనని తీసేసి విమానం ఉంచమనీ వేడుకున్నాడు. మే నెలలో జవాబు వచ్చింది. ఉత్తరంలోని నిజాయితీని కమిటీ మెచ్చుకుంది. విమానం ఆపేసింది.

ఓయ్వా సొరుగు ఖాళీ చేసుకుంటున్న రోజున మర్కెత్తా స్వయంగా వచ్చింది. ఆ జర్మన్లు ఇంటికెళ్లి తమ సంఘం పత్రికలో ఆరు పేజీలు రాశారట. యూరప్‌లో ఇంత ఆదరణ ఉన్న విమానాశ్రయం ఇంకోటి లేదనీ, సౌనాలోంచి బయటికొచ్చి నెత్తి మీదుగా విమానం వెళ్తుంటే చూడటం మరెక్కడా దొరకదనీ. విమానం లేకపోయినా సరేనంటూ వేసవికి పద్నాలుగు బస్సులవాళ్లు అడిగారట.

“ఆ తెడ్డుకి విడిగా ఒక గది కావాలంటున్నారు, ఓయ్వాగారూ,” అంది మర్కెత్తా. “మీరే చూసుకోవాలి.”

అలా ఓయ్వా ఉద్యోగం పోలేదు. సైమీ కేఫ్‌లో ఇప్పుడు పన్నెండు బల్లలు, వారమంతా బఠాణీ సూపు. కౌకో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిగది చూసుకుంటాడు. ఫైర్ బండి ఎక్కి పిల్లలు ఫోటోలు దిగుతారు. ఊళ్లో అందరూ ఓయ్వాని అభినందించారు. అభినందించిన ప్రతిసారీ అతను సంజాయిషీ చెప్పుకోబోయాడు, ఎవరూ వినిపించుకోలేదు.

రెండు వారాలకోసారి మంగళవారం మాత్రం ఓయ్వా సెలవు పెట్టి, ఇర్యా టీచరుని తన కారులో హెల్సింకి తీసుకెళ్తాడు. పోను అయిదు గంటలు, రాను అయిదు గంటలు. శరదృతువులో ఒక రోజు, వానలో, అతను ఆ పేజీ సంగతి ఎత్తాడు. అసలది రాయకుండా ఉండాల్సింది అన్నాడు.

“నువ్వు నాలుగు లైన్లే రాసినా వాళ్లు విమానం ఆపేసేవాళ్లేరా,” అంది టీచరు. “కాకపోతే అప్పుడు తప్పు వాళ్లదయ్యేది.”

వైపర్లు ఆడుతున్నాయి. రోడ్డు పక్కన దూరం చూపించే నీలం బోర్డు ఒకటి వచ్చి వెనక్కి పోయింది. దాని మీద అక్షరాలు ఆవిడకి కనబడలేదు.

“ఇంకా ఎంత దూరం?”

“రెండువందల ఎనభై, టీచర్.”

ఆవిడ నిట్టూర్చి, దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంది.

“దగ్గరకొచ్చేశాం అనొచ్చుగా. అవసరమైన చోట మాత్రం నీకు అబద్ధం రాదు.”