నాయన ఎండబెట్టిన బ్యాటరీ

మా నాయన ఒక బ్యాటరీని పెంచినాడు.

ఊళ్లో అందరూ ఆవుల్ని, గొర్రెల్ని పెంచుతారు. మా నాయన మోటారు సైకిలు బ్యాటరీని పెంచినాడు. అందువల్ల లక్ష్మన్న అనే మంచి పేరు పోయి బ్యాటరీ లక్ష్మన్న అయినాడు. బడిలో నన్ను బ్యాటరీ కూతురన్నారు. వాళ్లకు ఎదురు జవాబు చెప్పే నోరు నాకు లేదు. అందుకే ఈ నోటుబుక్కులో చెప్తున్నాను.

ముందు పోయిన ఏడాది సంగతి చెప్పాలి. అది నవ్వే సంగతి కాదు.

మా ఊరికి పెనుకొండ ఆసుపత్రి తొమ్మిది మైళ్లు. బస్సు ఒక్కటే, పొద్దున పోయి రాత్రికి తిరిగి వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం అమ్మకు నెల ముందుగానే నొప్పులు వచ్చినాయి. నాయన మోటారు సైకిలు తన్నినాడు. లేవలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. చిన్నాయన ఎద్దులబండి కట్టి అమ్మను, అవ్వను ఎక్కించుకున్నాడు. "నువ్వూ ఎక్కు" అని అమ్మ నాయనను పిలుస్తూనే ఉంది. "మీరు పోతా ఉండండి. నేను దీన్ని లేపుకొని దారిలో మిమ్మల్ని అందుకుంటా" అన్నాడు నాయన. అందుకోలేదు. తమ్ముడు దారిలోనే పుట్టి, దారిలోనే పోయినాడు. అప్పటికి నాయన వాకిట్లో ఇంకా తన్నుతూనే ఉన్నాడు.

ఈ ఏడాది అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. మరుసటి రోజే నాయన హిందూపురం పోయి, పాపన్న అంగట్లో ఇంకో బ్యాటరీ తెచ్చినాడు. చచ్చినదాని బదులు ఇది; కాన్పు రోజుకు కొత్తగా ఉండాలని అప్పటిదాకా బండికి పెట్టకుండా దాచినాడు. పాపన్న బ్యాటరీలకు చార్జింగు ఎక్కించే ఆయన. మూడు మాటలు చెప్పి పంపినాడంట. నెలకొకసారి తెచ్చి చార్జింగు ఎక్కించుకో. లోపల నీళ్లు తగ్గితే బ్యాటరీ నీళ్లు పొయ్యి. తేమ తగలకుండా పెట్టుకో.

మా నాయన శనక్కాయలు పండించే మనిషి. ఆ మూడింటిలో ఆయనకు ముందే తెలిసిన మాట చివరిదొక్కటే. తెలిసిన మాట గట్టిగా పట్టుకున్నాడు.

"విత్తనమూ ఇంతే" అన్నాడు. "తేమ తగిలితే ముక్కిపోతాది. ఎండ చూపిస్తే ఎన్నేండ్లైనా ఉంటాది."

అట్లా బ్యాటరీ విత్తనాల గదిలో చేరింది. కింద చెక్క, చుట్టూ పాత పంచె, పైన వేపాకు. వారానికి రెండుసార్లు విత్తనపు కాయలతో పాటు మిద్దె మీద ఎండ. మా ఊరి ఎండ ఎట్లాంటిదో చెప్పక్కరలేదు. మిద్దె మీద అప్పడం పెడితే నూనె అడగదు.

అమ్మ కింద నుంచి చూసి అనేది, "ఏం సామీ, పిచ్చుకలు పొడుస్తాయేమో. కావలి కూర్చోరాదా?"

"నవ్వు, నవ్వు. రేపు నిన్ను మోసేది ఇదే."

"పోయినసారీ మోసింది గదా."

ఆ మాట విన్న రోజు పొద్దుపోయేదాకా నాయన మిద్దె దిగేవాడు కాదు.

ఒక రోజు బ్యాటరీకి చుట్టిన పంచె విప్పితే జల్లెడ మాదిరి బొక్కలు. అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "పురుగు పట్టింది కదరా లక్ష్మన్నా!"

"పట్టదా మరి? ఎండ చాలలేదు" అన్నాడు నాయన.

వేపాకు రెండింతలైంది. ఎండ మూడింతలైంది. పంచెను పారేయడం ఎందుకని నాయన దాన్నే కట్టుకొని సంతకు పోయినాడు. సంతంతా చూసింది. బ్యాటరీలోని పులుసు, అదే యాసిడ్, పంచెను తింటుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

"నెలకొకసారి చార్జింగు అన్నాడు కదా నాయనా" అని ఒకసారి మెల్లగా అన్నాను.

"విత్తనాన్ని నెలనెలా చేనికి చూపిస్తామా పాపా? అదును వచ్చినప్పుడే."

ఎనిమిదో నెల నిండింది. అదును వచ్చిందని నాయన బ్యాటరీని మోటారు సైకిలుకు బిగించినాడు. ఒకసారి పరీక్ష చేద్దామని అందరినీ వాకిట్లోకి పిలిచినాడు. తన్నినాడు. మళ్లీ తన్నినాడు. బండి దగ్గు కూడా దగ్గలేదు. ఆ తన్నుడు చప్పుడు వినగానే అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మరుసటి పొద్దున నాయన బ్యాటరీని ఒళ్లో పెట్టుకొని బస్సులో హిందూపురం పోయినాడు. వెంట నేనూ పోయినాను. పాపన్న మూతలు విప్పి చూసినాడు. చుక్క నీళ్లు లేవు. లోపలి సీసం పలకలు తెల్లగా పొరలు కట్టి వంకర తిరిగినాయి.

"ఏం చేసినావప్పా దీన్ని?"

"ఎండబెట్టినా."

"పాలు మాన్పించి బిడ్డను ఎండకేసినట్లు చేసినావు కదప్పా" అని నవ్వినాడు పాపన్న. ఆయనకు మా సంగతి తెలియదు. నాయనా నవ్వబోయినాడు. నవ్వలేక మూతలు ఒక్కొక్కటే తిరిగి బిగించినాడు.

రాత్రికి ఇంటికి వచ్చేసరికి అమ్మ చీరలు మూట కడుతోంది.

"యాడికే?"

"ధర్మవరం. మా అక్క కుళ్ళాయమ్మ ఇంటికి. ఆసుపత్రి వాళ్లింటికి రెండు వీధులే. రేపు పొద్దున బస్సుకు పోతా."

"తొలి కాన్పుకే పుట్టినిల్లు. ఇప్పుడు అక్కగారింటికా? లోకం ఏమంటాది?" అని అవ్వ లేచింది.

"లోకం మన ఎద్దులబండి ఎక్కలేదు అత్తా" అనింది అమ్మ. అవ్వ కూర్చుంది.

"నాకు ఒక్క మాటన్నా చెప్పలేదే" అన్నాడు నాయన.

"నువ్వు మిద్దె మీద ఉంటివి. మూడు నెలల కిందే జాబు రాయించినా."

ఆ జాబు రాసింది నేను. తల వంచుకున్నాను. నాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున బస్సు వచ్చింది. అమ్మ, నేను ఎక్కినాము. నాయన కిటికీ కింద నిలబడినాడు.

"నువ్వు పో. నేను కొత్త బ్యాటరీ వేయించుకొని ఎనకాలే వచ్చి అందుకుంటా."

అమ్మ కిటికీలోంచి ఆయన చొక్కా పట్టుకుంది.

"అందుకోవద్దు. బస్సు ఎక్కు."

"బండి..."

"పోయినసారి నేను అడిగింది బండిని కాదు. ఎక్కు."

నాయన మారు గుడ్డలు కూడా లేకుండా ఎక్కినాడు. వచ్చి అమ్మ పక్కనే కూర్చున్నాడు.

"ఏమప్పా, అది ఆడోళ్ల సీటు" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నాయన లేచి, కమ్మీ పట్టుకొని అమ్మ పక్కనే నిలబడినాడు. వెనక సీటు ఖాళీగా ఉన్నా పోలేదు.

పెనుకొండ కొండ కనిపించింది. అప్పుడు నాయన, కిటికీ వైపు చూస్తూ, చాలా మెల్లగా అడిగినాడు.

"వాడు ఎవురి మాదిరి ఉన్న్యాడే?"

దారిలో పోయిన తమ్ముడి గురించి ఏడాదిగా ఎవరూ అడగని మాట అది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి నాయన వైపు చూసింది.

"నీ మాదిరే. ఎంత పిలిచినా పలకలేదు."