తిరుమలరావు కోరపన్నూ, ఫోన్లో వైద్యులూ

పంటి వైద్యానికి అయిదేళ్ల చదువెందుకండీ? ఫోన్లో ముప్పై సెకన్ల వీడియో చాలు. ఈ సత్యం చీపురుపల్లి సన్నాయి తిరుమలరావుకి మాఘమాసం పెళ్లిళ్ల మధ్య, కోరపన్ను సలుపుతుండగా తెలిసింది.

సన్నాయి పీక పెదాల మధ్య బిగించాలంటే ఆ పెదాల వెనక పళ్లు దన్నుగా ఉండాలి. ఈ పన్ను పోటుకి కల్యాణి రాగం కాస్తా కేకైపోతోంది.

మేనకోడలు సంహిత ఆ ఊరి స్టేషన్ రోడ్డులోనే పళ్ల ఆసుపత్రి పెట్టి ఏడాదైంది. "ఒక్కసారి వచ్చి కూకో మావయ్యా, సూస్తాను" అని ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"నా ఒళ్లో నిద్రోయిన పిల్ల. దానికేటి తెలుస్తాది?" అన్నాడాయన భార్య నీలవేణితో.

ఫోన్లో వాళ్లకి తెలియందేముంది! తెల్లకోటాయన ఒకడు వెల్లుల్లి నూరి పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే చిగురు పొక్కింది. పొక్కితే విషం దిగుతున్నట్టేనని వీడియో కింద నలభై మంది రాశారు. ఆ తెల్లకోటాయనే మొన్న మిక్సీలు అమ్మేడని నీలవేణి చూపించింది.

"అన్నీ తెలిసినోడు గనకే అన్నీ అమ్ముతన్నాడు" అన్నాడు తిరుమలరావు.

తర్వాత నిమ్మరసం, ఉప్పు. దాంతో చన్నీళ్లు తగిలినా ప్రాణం జివ్వుమనేది. ఆ పైన బొగ్గుపొడి. ఆ నోటితో ఆయన నవ్వితే పక్కింటి పసిది దడుసుకుని మూడ్రోజులు ఇటు రాలేదు.

ఆమదాలవలసలో పెళ్లినాటికి బుగ్గ బూరెలా పొంగింది. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. ఊదితే సన్నాయిలోంచి గాలొక్కటే వచ్చింది. మేళంలో డోలు వాయించే బావ ఒక్కడే వాయించాడు. పెళ్లివారిలో ఎవరో సెల్‌ఫోన్లో సన్నాయి పాట పెట్టి, మైకు దగ్గర పట్టుకున్నారు. ముప్పై ఏళ్ల సన్నాయిని సంచీలో పెట్టుకుని, తిరుమలరావు భోజనం చెయ్యకుండానే రైలెక్కాడు.

రైల్లో నీలవేణి పంపిన వీడియో చూశాడు. ముఖానికి మాస్కున్న డాక్టరమ్మ చెబుతోంది: "బుగ్గ వాచిందంటే చిట్కాలు ఆపీయండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి ఎల్లండి."

'ఈవిడకి తెలుసు' అనుకున్నాడు. అడ్రసు చూస్తే చీపురుపల్లి స్టేషన్ రోడ్డు. ఆ రోడ్డులో ఇంకో పళ్ల ఆసుపత్రి ఉందనుకుని, రైలు దిగి నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ మాస్కు తీసింది. సంహిత.

వాపు తగ్గడానికి మందులు రాసి, మెల్లగా చెప్పింది. "పన్ను దక్కదు మావయ్యా. నెల కిందటొస్తే నిలబెట్టేదాన్ని. కట్టుడు పన్ను పెడతాను, సాధన చేస్తే మళ్లీ ఊదగలవు."

ఆయన సన్నాయి సంచీ నిమిరాడు. "ఆ ముక్క నెల కిందటే సెప్పొచ్చు కదే?"

"మూడుసార్లు నీ ఎదురుగా కూకుని సెప్పేను. వినలేదని ఫోన్లో దూరేను."

తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. "అయినా నీ వీడియో బాగుందే. ఎంతమంది సూసేరేటి?"

"ముగ్గురు" అంది సంహిత. "నేను, అత్త, నువ్వు."