ఎడమ తుంటిలో అమ్మ

ఆ సోమవారం పొద్దున గిరిధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పావుతక్కువ ఏడుకు చాప పరచి ఒక్కో తుంటినీ కాసేపు సాగదీయడం, స్నానం చేయడం, తొమ్మిదింటికి కిందికి దిగి ఇంటి ఓనరు పెద్దమునియప్ప కాళ్ళో వేళ్ళో పట్టుకోవడం. యలహంక పాతపేటలో గిరిధర్ దంపతులు అద్దెకుంటున్న ఆ మేడను పదింటికి కొనేవాళ్ళెవరో చూడటానికి వస్తున్నారు. అమ్ముడైతే ఖాళీ చేయాలి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తినందుకే నిరుడు నాలుగు రోజులు మంచాన పడేసిన నడుము అతనిది. ఇంటెడు సామాను దింపమంటే ఇంకేమవుతుందో తలచుకుంటేనే చెమటలు పట్టేవి. "ఇల్లు మారితే నన్ను కూడా మూట కట్టి లారీలో వేసుకోవాలి," అని భార్య రాధికకు చెప్పి ఉంచాడు. ఆమె చీకటితో విమానాశ్రయంలో డ్యూటీకి వెళితే రాత్రికి గానీ రాదు.

ఆ నడుము కోసమే బెళ్ళందూరులో, తన ఆఫీసు పక్క వీధిలో, నేత్రావతి అనే యోగా టీచరు దగ్గర చేరాడు. ఆవిడ పద్ధతిలో ఎగరడాలూ దూకడాలూ ఉండవు. ఒక భంగిమలోకి దిగి, కదలకుండా, ఒంట్లో ఏ మూల ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండిపోవాలి. మధ్యలో ఉలిక్కిపడి లేస్తే నడుం పట్టేస్తుందని గట్టిగా హెచ్చరించింది. ఇంట్లో చేసుకోవడానికి తన గొంతు రికార్డు చేసి పంపింది. ఆ గొంతులో తొందర లేదు, జాలి కూడా లేదు. ఒక మాటకూ మరో మాటకూ మధ్య మనిషి ఒక కునుకు తీసి లేవొచ్చు.

గిరిధర్ తెరలు దించాడు. చిన్న దీపం పెట్టి, నడుముకు కర్పూర తైలం పట్టించాడు. ఎడమ కాలు ముందుకు మడిచి, కుడి కాలు వెనక్కి చాచి, దిండు మీద బోర్లా వాలాడు. నేత్రావతి గొంతు పెట్టిన ఫోను దిండు కింద ఉంది. మూడో నిమిషంలో తుంటిలోంచి వణుకు బయలుదేరింది. నాలుగో నిమిషంలో కారణమేమీ లేకుండానే కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఇవన్నీ మామూలేనని నేత్రావతి చెప్పి ఉంది. కానీ ఎడమ కాలు తనది కాదనిపించడం గురించి చెప్పలేదు. తన కింద ఇంకెవరో కాలు ముడుచుకుని కూర్చున్నట్టుంది. ఎక్కడో దబదబ చప్పుడైంది. అది తన గుండె అనుకుని శ్రద్ధగా విన్నాడు.

అది తలుపు. ఏడున్నరకు రాహుకాలం వస్తుందని, ఆలోపే మాట ముగించుకోవాలని, కొనబోయే అశోక్‌కుమార్ అత్తిబెలె నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చేశాడు. ఎంత తట్టినా పలుకు లేకపోయేసరికి పెద్దమునియప్ప తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాడు. వెనకే ఆయన భార్య కెంపమ్మ.

చీకటి గది. దీపం. కర్పూరం వాసన. దిండుకు నుదురు ఆనించి, ఏడుస్తూ వణుకుతున్న మనిషి. ఆ మనిషి కింది నుంచి ఆడగొంతు.

"భయపడకండి," అంది గొంతు. "వచ్చేదాన్ని రానివ్వండి."

కెంపమ్మ చేతులు జోడించింది. "అమ్మ వచ్చుండాది. అడుగు, ఏమన్నా అడుగు."

ఆ వీధిలో ఎవరి మీదికైనా అమ్మవారు వస్తే డాక్టరును పిలవరు, ఇంటి సంగతులు అడుగుతారు. పెద్దమునియప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తల్లీ, ఈ ఇల్లు అమ్మేదామని ఉండాను. నువ్వేమంటావు?"

గొంతు చాలాసేపు ఊరుకుంది. దీపం ఒక్కటే కదిలింది.

"తొందర వద్దు," అంది చివరికి. "ఉన్నచోటే ఉండండి."

అశోక్‌కుమార్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. "ఇట్లాంటిది ముందే చెప్పుండాల్సింది. నాకొద్దప్పా ఈ ఇల్లు."

గిరిధర్‌కు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. లేచి సంగతి చెప్పేద్దామనుకున్నాడు. కాలు మొద్దుబారింది, లేస్తే నడుం పట్టేస్తుందన్న భయం ఒకటి. అసలు నిజం ఏమిటంటే, ఇల్లు దక్కుతోంది. కాబట్టి అతను లేవలేదు సరికదా, కొంచెం ఎక్కువగానే వణికాడు.

"నీకేం కావాల తల్లీ? యాడ కూర్చుంటావు?" అని అడిగింది కెంపమ్మ.

"ఇక్కడే," అంది గొంతు.

సాయంత్రం గిరిధర్ సంబరంగా మైసూరుపాకు పట్టుకుని ఇల్లు చేరేసరికి మెట్లకు పసుపు రాసి ఉంది, గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వీధిలోని ఆడవాళ్ళు టెంకాయలతో బారులు తీరారు. పెద్దమునియప్ప అతన్ని పక్కకు పిలిచాడు.

"అమ్మ కూర్చున్న తావులో కాపురం ఉండేది తప్పప్పా. గుడి చేస్తాము. పది దినాలు టైమిస్తా, ఖాళీ చేసేయండి."

గిరిధర్ గబగబా ఫోను తీశాడు. "అమ్మ కాదు పెద్దాయనా, మా టీచరు. ఫోన్లో రికార్డు. కావాలంటే వినండి," అని రికార్డు అక్కడే పెట్టి వినిపించాడు.

కెంపమ్మ ఫోనును కళ్ళకద్దుకుంది. "ఫోన్లో కూడా వస్తా ఉండాదే."

"ఆగండమ్మా. ఇప్పుడు 'ఇక్కడే' అంటుంది చూడండి," అని గిరిధర్ వేలెత్తాడు.

ఉన్నచోటే ఉండండి, అంది గొంతు. తర్వాత ఊపిరి చప్పుడు. ఆ తర్వాత, ఇక రెండో వైపు.

మళ్ళీ పెట్టాడు. మూడోసారి చెవికి అదుముకుని విన్నాడు. ఆ మాట ఎక్కడా లేదు. నేత్రావతికి ఫోన్ చేశాడు. "నేనలా ఎందుకంటానండీ, అందులో ఆ మాటే లేదు," అంది ఆవిడ, పొద్దుటి గొంతుకన్నా చాలా గబగబా, చాలా మామూలుగా. గిరిధర్‌కు భయం వేసింది. మామూలు భయం కాదు, ఎడమ తుంటి దగ్గర మొదలై మెడ దాకా పాకే భయం.

"పది దినాలు చాలకపోతే ఇంకో వారం ఉండండప్పా," అన్నాడు పెద్దమునియప్ప, అతని ముఖం చూసి జాలిపడి.

"అక్కర్లేదండీ," అన్నాడు గిరిధర్.

రాత్రి రాధిక డ్యూటీ నుంచి వచ్చేసరికి వాషింగ్ మిషన్ వీధిలో ఉంది. దాన్ని మేడ మీంచి గిరిధర్ ఒక్కడే దింపాడు.