నీడతో వేళ్ళాట

పో నది గట్టు తెగి, పడవలు కిటికీల్లోంచి ఇళ్ళలోకి వచ్చి ఇది మూడో ఏడు. ఒట్టోరినో వంటింటి గోడ మీద వరద చార ఇంకా ఛాతీ ఎత్తున ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్ళీ పైకి తేలేది.

ఈటెతో పాముచేపల్ని పొడవడంలో ఒట్టోరినోకి మెరుపని పేరు. ఇప్పటికీ మెరుపనే పిలిచేవారు, కాకపోతే నవ్వు ఆపుకుంటూ. ఈటె దిగేసరికి చేప పక్క కాలవలో ఉండేది.

ద్రాక్షసారా కొట్లో వేళ్ళాట. ఆడే ఇద్దరూ ఒక్కసారే వేళ్ళు చాపి, మొత్తం ఎన్ని వేళ్ళో అరవాలి; సరిగ్గా చెప్పినవాడిదే గెలుపు. ఒట్టోరినో చెయ్యి ఆలస్యంగా తెరుచుకునేది.

"మా వేళ్ళు చూసి వేస్తున్నావు, దొంగా!" అన్నారు తోటి ఆటగాళ్ళు.

"అవును, దొంగనే," అన్నాడు. ముసలాణ్ణయ్యానని ఒప్పుకోడానికి నోరు రాలేదు.

ఆ మాట భార్య దీర్చెకి చేరింది.

"ఏమయ్యా దొంగగారూ, మొన్న ఈటె నీ బూటులో దిగిందట?"

"బూటే కదే. కాలు కాదుగా."

"కాలు దాకా ఆగాలా? ఆదివారం నాతో ఆడు. ఓడితే ఈటె అమ్మాయికిచ్చెయ్. మన నీవెస్ నీకంటే బాగా పొడుస్తోంది."

"గెలిస్తే?"

"నీ బూటు నేనే కుడతాను."

ఈటె పోతే ఒట్టోరినో ఇక పొయ్యి దగ్గర మనిషే. అందుకని రహస్యంగా సాధన మొదలుపెట్టాడు, తన నీడతో. ఎంత ముసలైనా మనిషి నీడకంటే వెనకపడడు కదా అని ధైర్యం.

శనివారం మధ్యాహ్నం. పొగమంచు కిటికీకి గుడ్డ కట్టినట్టు కమ్మింది. దీర్చె కోళ్ళగూటికి వెళ్ళింది. అతను దీపం వెలిగించి, దానికి వీపు పెట్టి, గోడకేసి కూర్చున్నాడు.

పిడికిలి తెరిచాడు. గోడ మీద వేళ్ళు ముందే తెరుచుకున్నాయి.

కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అవే ముందు. వరద చార మీదుగా, నీళ్ళలోంచి ఎవరో చెయ్యి ఎత్తినట్టు.

'నా నీడ నన్ను దాటి పోతోంది. ఎక్కడికి?'

పిడికిలి బిగించి, చెయ్యి కదపకుండా ఉంచాడు. గోడ మీద మాత్రం మెల్లగా మూడు వేళ్ళు లేచాయి.

"అమ్మో!" అన్నాడు.

"మూడు!" అంది గోడ.

గోడ కాదు. వెనక, దీపం ముందు మూడు వేళ్ళు చాపి దీర్చె నిలబడి ఉంది.

"నీ పిడికిలి సున్నా, నావి మూడు. నేను మూడన్నాను, నువ్వు అమ్మో అన్నావు. అమ్మో లెక్కలోకి రాదు. ఈటె ఇవ్వు."

"ఇవాళ శనివారమే!"

"ఆదివారం దాకా నీ గుండె ఆగేలా లేదయ్యా."

ఒట్టోరినో సిగ్గుపడి నవ్వాడు. "ఇందాకట్నుంచీ ముందు తెరిచింది నువ్వేనన్నమాట. చంపేశావే!"

దీర్చె నవ్వలేదు. "ఇందాకట్నుంచీ ఏంటి? నేనిప్పుడే వచ్చాను. చూడు, ఈ చేతిలో గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

ఇద్దరూ గోడకేసి చూశారు. దీర్చె ఊది దీపం ఆర్పేసింది.

మర్నాడు పొద్దున్నే ఒట్టోరినో ఈటె నీవెస్ చేతికిచ్చాడు. వంటింట్లోకొచ్చి, నీడ వెనక్కి పడేలా దీపాన్ని ఎదురుగా పెట్టుకుని, రొట్టె తిన్నాడు. ఒంటి చేత్తోనే తిన్నాడు. రెండోది బల్ల కింద పిడికిలి బిగించే ఉంచాడు.