ట్రాప్ నివారణ ఉపసంఘం

అమెరికాలోని ప్లెయిన్స్‌బరో తెలుగు కూటమి ఉపాధ్యక్షులు శ్రీధర్‌గారు మార్చి మొదటి ఆదివారం ఒక చారిత్రక ప్రకటన విడుదల చేశారు. మన పిల్లల్ని ట్రాప్ ర్యాప్ అనే పాటల మహమ్మారి నుంచి కాపాడేందుకు తమ అధ్యక్షతన ఒక ఉపసంఘం ఏర్పాటైందని దాని సారాంశం. వాట్సాప్ గ్రూపులో పడగానే నలభై ముగ్గురు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒకాయన పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. మనకి పూర్తిగా చదివే తీరిక ఎక్కడేడ్చింది?

మహమ్మారిని తెచ్చినవాడు వినీత్. మాస్టర్స్ చదువుతూ, నలుగురితో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకుంటున్నాడు. తను రాసిన ట్రాప్ పాట ఉగాది సభలో పాడతానని పంపాడు. అదే సభలో కూటమి అధ్యక్షుడి ఎన్నిక. అభ్యర్థులు తలా మూడు నిమిషాలు మాట్లాడాలి, ఆ వెంటనే చేతులెత్తే ఓటింగ్. శ్రీధర్‌గారు ఆరేళ్ళుగా ఉపాధ్యక్షులుగానే ఉండిపోయారు. ఈసారీ తప్పిపోతే ఇక నలుగురిలో తలెత్తుకోలేనని భార్య రేణు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎన్నికకి ఆయనకొక సమస్య కావాలి. దేవుడిలా వినీత్ దొరికాడు.

సమస్యని లోతుగా అధ్యయనం చేయడానికి ఆయన తన కూతురు నిధిని సాంకేతిక సలహాదారుగా నియమించారు. ఆ పిల్ల కాలేజీలో మొదటి సంవత్సరం.

"ఐస్ అంటే డైమండ్స్ నాన్నా. విప్ అంటే కార్. ఆప్స్ అంటే మనకి పడని వాళ్ళు."

"ట్రాప్ అంటే?"

"డ్రగ్స్ అమ్మే ఇల్లు."

"రామ రామ! ఇంకా ఏం పాడతారే?"

"నథింగ్ నుంచి వచ్చాను, ఇప్పుడు పెద్ద ఇల్లు, పెద్ద కారు, హేటర్స్ ఏడుస్తున్నారు, నా గ్యాంగ్ నాతోనే ఉంది. అంతే. ఆల్మోస్ట్ ప్రతి సాంగూ సేమ్."

శ్రీధర్‌గారు అదంతా భక్తిగా రాసుకున్నారు. మర్నాటికల్లా అయిదు నిషేధాలు తయారయ్యాయి. ఉగాది వేదిక మీద ఎవరూ తమ ఇల్లు, కారు, నగలు, శత్రువులు, ముఠా గురించి గొప్పలు పోరాదు. మైకు పట్టుకునే ప్రతివారూ తాము పాడేదీ మాట్లాడేదీ రాసి ముందుగా ఉపసంఘానికి పంపాలి.

కార్యదర్శి కనకదుర్గగారు మందుల కంపెనీలో క్లినికల్ ట్రయల్స్ చూస్తారు. ఎవరు మందు మింగారో, ఎవరు ఉత్తుత్తి బిళ్ళ మింగారో డాక్టరుకి కూడా తెలియనివ్వరట. ఇక్కడా అదే పద్ధతి పెట్టారు. పేర్లు తీసేసి, నంబర్లు వేసి, అసలు పేర్లు ఒక కవర్లో పెట్టి అంటించారు. నిష్పాక్షికత ఉట్టిపడాలని శ్రీధర్‌గారు తన ప్రత్యర్థి రంగయ్యగారిని కూడా ఉపసంఘంలో వేసుకున్నారు.

ఇన్ని పనుల మధ్య తన ప్రసంగం ఒకటుంది కదా. కుర్రకారు ఓట్ల కోసం అది ఇంగ్లీషులో ఉండాలి. ఆయన కారు నడుపుతూ తెలుగులో చెప్పుకుపోయారు, పక్క సీట్లో నిధి ఫోన్‌లో ఇంగ్లీషు చేసి పంపేసింది. మళ్ళీ చదివి చూసుకోలేదాయన. తన జీవితం తనకి తెలీదా ఏమిటి?

శనివారం శ్రీధర్‌గారి బేస్‌మెంట్‌లో పకోడీల మధ్య పరిశీలన మొదలైంది. మూడో నంబరు పాట అని వినగానే తెలిసిపోయింది, రెండు నిమిషాల్లో ఎగిరిపోయింది. ఏడో నంబరు ఇంగ్లీషు కాగితం కనకదుర్గగారు ల్యాబ్ రిపోర్టులా చదివారు. చేతిలో రెండు సూట్‌కేసులతో దిగాను. ఎవడూ సాయం చేయలేదు. ఇవాళ అయిదు బెడ్‌రూములు, గరాజ్‌లో రెండు జర్మన్ కార్లు. నా ఆవిడ ఒంటి మీద బంగారం చూసి కుళ్ళుకునేవాళ్ళు కుళ్ళుకోనీ. నన్ను తొక్కాలనుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. నా మనుషులు నా వెంటే ఉన్నారు.

శ్రీధర్‌గారు పకోడీ పక్కన పెట్టేశారు.

"ఎవడండీ వీడు? ఛీ ఛీ! అయిదుకి అయిదూ ఉన్నాయి!"

"నాన్నా..." అంది నిధి.

"నువ్వుండమ్మా. ఇలాంటివాడు మన పిల్లల ముందు నిలబడితే ఏమన్నా ఉందా? వీడికి జన్మలో మైకివ్వకూడదు. రాయండి దుర్గగారూ!"

"రౌడీ వెధవ. సందేహం లేదు," అన్నారు రంగయ్యగారు.

తీర్మానం ఏకగ్రీవం. కనకదుర్గగారు కవరు చించి, మూడు వినీత్ అన్నారు. ఏడు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, "మీరేనండీ," అన్నారు.

శ్రీధర్‌గారు ఆ కాగితం లాక్కుని చూశారు. ఆరేళ్ళ తపస్సు, ఉగాది సభ, అధ్యక్ష పదవి అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"ఏం కలిపావే ఇందులో?"

"ఏమీ కలపలేదు నాన్నా. ఇంగ్లీష్ చేశానంతే."

ఆయనకి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. సుమారు నిమిషం సేపు ఉంది. అంతలో రంగయ్యగారి చెయ్యి మెల్లగా మిగిలిన కాగితాల మీదకి వెళ్ళి తన తొమ్మిదో నంబరు ప్రసంగాన్ని జేబులోకి జార్చింది.

"ఒక్కమాట. దీనికి బీట్ లేదు కదండీ," అన్నారు రంగయ్యగారు, ఎన్నడూ లేని ఆప్యాయతతో. "బీట్ లేనిది ట్రాప్ ఎలా అవుతుంది? ఇది స్ఫూర్తిదాయకమైన ప్రసంగం."

పాత తీర్మానం రద్దయింది. బీట్ లేనివాటికి నిషేధాలు వర్తించవని సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. ప్రత్యర్థులిద్దరూ కరచాలనం చేసుకున్నారు. అందరూ మళ్ళీ పకోడీల మీద పడ్డారు.

"అయితే వినీత్ కూడా బీట్ లేకుండా చదవొచ్చా?" అంది నిధి.

కూతురు తననే చూస్తోందని శ్రీధర్‌గారికి తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"రెండు సూట్‌కేసులేసుకుని మొన్న దిగినవాడికి మైకెందుకమ్మా?" అన్నారు.

కనకదుర్గగారు ఆ మాట కూడా మినిట్స్‌లో రాసుకున్నారు.