ముప్పైసార్లు బ్రేకు వేసిన నేరం

వాహన పరిశుభ్రతా విభాగం వారూ, మిమ్మల్నే అంటున్నాను, పక్కకు చూడకండి. బండి ఆగడాన్ని నేరం చేసింది మీరు. కదిలినవాణ్ణి పట్టుకునే ఆఫీసులు చాలా చూశాం. ఆగినవాణ్ణి పట్టుకుని శిక్షించే ఘనత మాత్రం మీ ఒక్కరికే దక్కింది.

తెలియనివాళ్ళ కోసం (అంటే నడిచి వెళ్ళే అదృష్టవంతుల కోసం) రెండు ముక్కలు చెప్తాను. కారు చక్రం వెనక ఇనప పళ్ళెం లాంటి డిస్కు ఒకటి తిరుగుతుంటుంది. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని చెరో పక్క నుంచి బిగించి పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ ఇదీ అదీ కాస్త కాస్త అరుగుతాయి. ఆ అరిగిందే నల్లటి పొడిగా చక్రం మీద పడుతుంది. అంతే సంగతి. చక్రం నల్లగా ఉందంటే ఆ బండి ఎక్కడో, ఎవరి కోసమో ఆగిందని అర్థం.

మూడేళ్ళ కిందటి వరకూ ఈ పొడి ఉందన్న సంగతే విభాగానికి తెలియదు. ఒకరోజు పెద్ద అధికారి గారి తెల్ల ప్యాంటు ఏదో చక్రానికి రాసుకుంది. మోకాలి దగ్గర అరచేయంత మచ్చ పడింది. ఉతికించారు, పోలేదు. నిపుణుల సంఘం వేశారు, పోలేదు. చివరికి చట్టం చేశారు. (మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ ప్యాంటు ఆఫీసులో అద్దాల పెట్టెలో వేలాడుతోంది. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు దాని ముందు నిలబడి ప్రమాణం చేస్తారు.)

చట్టం ఇదీ. పిల్లల్ని ఎక్కించుకునే ప్రతి బండికీ ఏటా కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాలి. భద్రత కోసం. వేయించిన వారానికి బండిని ఆఫీసుకు తేవాలి. పరిశీలకుడు తెల్లగుడ్డతో చక్రాన్ని తుడుస్తాడు. గుడ్డ తెల్లగానే ఉంటే పత్రం ఇస్తారు. నల్లబడితే బండిని నిలిపేస్తారు. అదీ భద్రత కోసమే. చక్రాలు కడుక్కుని వస్తే ఒప్పుకోరు, అది సాక్ష్యం చెరపడం కిందికి వస్తుంది. కడిగారో లేదో తేల్చడానికి వాసన చూసే ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. ఆయనకు జలుబు చేసిన రోజు ఆఫీసుకు సెలవు.

మా వదిన పిల్లల వ్యాను నడుపుతుంది. పదకొండు మంది పిల్లలు. అందరికంటే చిన్నదానికి ఆరేళ్ళు, డ్రైవరు పక్క సీటు దానిదే, ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోదు. స్కూలు నిటారు వాలు కింద ఉంది. వాలు దిగగానే స్కూలు గేటు. గేటు దగ్గర ఆగకపోతే ఎదురుగా లారీలు తిరిగే పెద్దరోడ్డు. కాబట్టి బ్రేకుల విషయంలో మా వదినకు కొన్ని మూఢనమ్మకాలు ఉన్నాయి. అవి పనిచేయాలంటుంది.

కొత్త ప్యాడ్లు వేసిన మేస్త్రీని అందరూ కీచన్న అంటారు. కీచుమనే చప్పుడు వింటే చాలు, బండికి ఏం జబ్బో చెప్పేస్తాడు.

"చెల్లెమ్మా, వేశాను గానీ అప్పుడే వీటిని నమ్మకు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "కొత్త చెప్పుల్లాంటివి, పాదానికి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు చూసుకో. స్పీడు యాభై దాకా తీసుకెళ్ళు, బ్రేకు నొక్కి పదికి దించు. పూర్తిగా ఆపకు, వేడి మీద ఆపితే ప్యాడు అక్కడే అంటుకుని డిస్కు మీద మచ్చ పడుతుంది. అర నిమిషం గాలి తగలనీ. మళ్ళీ యాభై. అలా ముప్పైసార్లు."

"ముప్పైసార్లా? చూసినవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకోరూ?"

"అనుకోనీ."

"చేయకపోతే ఏమవుతుందన్నా?"

"నువ్వు నొక్కుతావు. బండి ఆలోచిస్తుంది."

"మరి పొడి?"

"పొడి రాకుండా ఎలా? మొదట్లో ఇంకా ఎక్కువ వస్తుంది. ముప్పై అయ్యేసరికి చక్రాలు బొగ్గు రుద్దినట్టుంటాయి."

వదిన చక్రం వంక చూసింది. "నల్లబడితే పత్రం ఇవ్వరు. నల్లబడకపోతే బండి ఆగదు. ఏం చేసేది?"

"ఆఫీసువాళ్ళని అడుగు తల్లీ. నేను నట్లు బిగించేవాణ్ణి."

అడిగింది. దీనికీ ఒక మార్గం ఉందని అక్కడ చెప్పారు. దాని పేరు 'బ్రేకు వినియోగ ముందస్తు అనుమతి'. ఎన్నిసార్లు బ్రేకు వేయదలిస్తే అన్ని వరసలు నింపాలి. వేయబోయే సమయం, స్థలం, వేయడానికి కారణం, వేయకపోతే కలిగే నష్టం (ఉన్నచో). కారణం అని ఉన్నచోట వదిన 'బండి నెమ్మదించడానికి' అని రాసింది. గుమాస్తా తల ఎత్తకుండానే కొట్టేశాడు.

"ఇది కారణం కాదమ్మా, ఫలితం. ఎదురుగా ఏముందో రాయాలి. మనిషో, కుక్కో, గోడో."

"ఏమీ ఉండదు సార్. ఖాళీ రోడ్డు మీద వేయాలి."

"ఏమీ లేనప్పుడు బ్రేకెందుకు?"

"ఏదైనా ఉన్నప్పుడు పడాలని."

గుమాస్తా మొదటిసారి తల ఎత్తాడు. "బాగా చెప్పావమ్మా. కానీ అది రాయడానికి ఇందులో చోటు లేదు."

వదినకు ఒళ్ళు మండింది. ముప్పై వరసల్లోనూ 'గోడ' అని రాసి కాగితం ముందుకు తోసింది.

"గోడ యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి."

"గోడ నాదే అనుకోండి."

"ముప్పై గోడలున్నాయా మీకు? మరి ఆదాయ ధ్రువపత్రం ఏదీ?"

వెనక వరసలో మా వీధివాడే ఇంకో వ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. వాడి చక్రాలు మెరుస్తాయని అందరూ వాణ్ణి ముత్యం అంటారు. మూడేళ్ళుగా ఉత్తమ పరిశుభ్ర చోదకుడు వాడే.

"ఎందుకక్కా తల బద్దలు కొట్టుకుంటావు? నేను చూడు, ప్యాడ్లు వేయించినప్పటి నుంచి బ్రేకు మీద గట్టిగా కాలు పెట్టలేదు. గేరు తగ్గిస్తాను, హారన్ కొడతాను. జనమే తప్పుకుంటారు."

"తప్పుకోకపోతే?"

"ఇప్పటిదాకా తప్పుకున్నారు కదక్కా!"

(ఇది వాడి సొంత తెలివి అనుకోకండి. విభాగం వారి జీపు కూడా అంతే. గేటు లోపల పేర్చిన పాత టైర్లకు గుద్దుకుని ఆగుతుంది. గుద్దుకోగానే కాపలామనిషి సెల్యూట్ కొడతాడు. గుద్దుకోకముందే కొట్టినందుకు ఒకణ్ణి బదిలీ చేశారు.)

ఆదివారం పొద్దున వదిన ఊరి బయట ఖాళీ రోడ్డు మీదికి వ్యాను తీసుకెళ్ళింది. లెక్క పెట్టడానికి మా అన్నయ్య పక్కన కూర్చున్నాడు.

"పద్దెనిమిది," అన్నాడు అన్నయ్య.

"పద్దెనిమిది ఇందాకే అయింది."

"అది పదిహేడు."

"నువ్వు కునుకు తీసింది పదిహేడో దానికి. మూతి ముందుకొచ్చి అద్దానికి తగల్లేదూ?"

"తగిలింది."

"అయితే ఇది పంతొమ్మిది. కూర్చో సరిగ్గా."

ముప్పై పూర్తయ్యాయి. మాడు వాసన వచ్చింది, పోయింది. బ్రేకు తాకకుండా కాసేపు నడిపి చల్లారనిచ్చింది. తర్వాత వాలు మీదికి తీసుకెళ్ళి దింపుతూ నొక్కింది. గేటు గీత దగ్గర, వేలితో చూపించినంత కచ్చితంగా వ్యాను నిలబడింది. చక్రాలు నల్లగా ఉన్నాయి.

సోమవారం పరిశీలకుడు గుడ్డ పెట్టి తుడిచాడు. గుడ్డను చూశాడు. వదినను చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎన్నిసార్లు వేశారమ్మా?"

"ముప్పై."

"ముప్పైసార్లా! ఇంట్లో ఏమైనా సమస్యలా?"

"ఒక్కసారి ఎక్కి కూర్చోండి సార్. ఎలా ఆగుతుందో చూపిస్తాను."

"ఆగడం మా పరిధిలోకి రాదు."

బండిని నిలిపేశారు. బ్రేకు దురలవాటు ఉన్నవారి జాబితాలో వదిన పేరు ఎక్కించారు. పదకొండు మంది పిల్లల్నీ ముత్యం బండికి మార్చారు. చిన్నది పక్క సీటు కోసం వాడితో కూడా గొడవపడి సాధించుకుంది.

మంగళవారం పొద్దున ముత్యం వాలు దిగాడు. గేరు తగ్గించాడు. హారన్ కొట్టాడు. గేటు తప్పుకోలేదు కాబట్టి బ్రేకు నొక్కాడు. బండి ఆలోచించింది. ఆలోచిస్తూనే గేటు దాటింది, పెద్దరోడ్డు ఎక్కింది, రెండు లారీల మధ్య నుంచి దూరి అవతల ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసక కుప్పలో దిగబడింది. పిల్లలకు అరిచే తీరిక కూడా దొరకలేదు. చిన్నదాని మూతి ముందు అద్దానికి కొట్టుకుని పన్ను ఊడింది. అది ఎలాగూ ఊడబోయే పాలపన్నేనని విభాగం ఆ సాయంత్రమే ప్రకటన ఇచ్చింది.

విచారణ జరగలేదనకండి, జరిగింది. ఇసకలోంచి బండిని లాగి గుడ్డ పెట్టి తుడిచారు. తెల్లగా వచ్చింది. బండి నిర్దోషి అని తేలింది. మరి తప్పు ఎవరిది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాలుదన్నారు. పదిహేను రోజుల్లోగా తన ఏటవాలుతనానికి సంజాయిషీ ఇచ్చుకోవాలని వాలుకు నోటీసు రాసి అక్కడి స్తంభానికి అంటించారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. వాలు నోరు విప్పలేదు. ముత్యం మాత్రం అదే బండిలో అదే పిల్లల్ని రోజూ అదే వాలు మీద దింపుతున్నాడు. వాడికీ భయంగానే ఉందట. కాలు పెట్టి గట్టిగా నాలుగుసార్లు నొక్కుదామంటే పత్రం పోతుందట.

నాకు ఇంకో సంఘం వద్దు, ఇంకో ప్రకటన వద్దు. గుడ్డ పరీక్ష ఇవాళే రద్దు చేయండి. కొత్త ప్యాడ్లు వేసిన ప్రతి బండికీ ముప్పైసార్లు బ్రేకు వేసుకోవడానికి ఒక ఖాళీ రోడ్డు చూపించండి, ఏ కాగితమూ అడక్కండి. పత్రం ఇచ్చేముందు మీలో ఒకరు ఆ బండి ఎక్కి ఆ వాలు దిగండి. గేటు దగ్గర ఆగితే సంతకం పెట్టండి. ఇవన్నీ రేపు మధ్యాహ్నం మొదలుపెట్టినా సరే. రేపు పొద్దున మాత్రం ఆ పదకొండు మందినీ మా వదిన బండి ఎక్కించండి. చక్రాలు నల్లగా ఉంటాయి. పిల్లలు స్కూలు దగ్గరే దిగుతారు.